ఒంటరి గొలుసు కథ: ఈజింగ్ థీసిస్ నుంచి రేర్ ఎర్త్ స్ఫటికాల దాకా



ఈ వీడియో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తున్నారా? అయితే ఇప్పుడు మీ చెవిలో ఒక బుల్లి అయస్కాంతం ఉంది. ఫోన్ స్పీకర్‌లో ఇంకొకటి ఉంటుంది. ఇలాంటి చోట్ల ఇవాళ ఎక్కువగా వాడేది నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసిన అయస్కాంతం. ఈ నియోడిమియం ఒక రేర్ ఎర్త్ మూలకం. రేర్ ఎర్త్స్ గురించి న్యూస్‌లో రోజూ వింటూనే ఉన్నాం. ఏ దేశం దగ్గర ఎంత ఉంది, ఎవరు ఎవరికి అమ్మడం ఆపేశారు అని. ఈరోజు ఆ రాజకీయాల్లోకి వెళ్ళట్లేదు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.

అయస్కాంతం లోపల కోటానుకోట్ల అణువులుంటాయి. ఒక్కొక్కటీ ఒక చిన్న అయస్కాంతం అనుకోండి. అవన్నీ ఒకే దిక్కుకు తిరిగి నిలబడితేనే మన చేతిలో ఉన్న ముక్క ఇనుమును లాగుతుంది. మరి నిలబడమని వాటికి ఎవరు చెప్పారు? ఒక్కో అణువుకీ తన పక్కవాడు తప్ప ఎవరూ కనపడరు. అయినా అందరూ ఒకే వైపు ఎలా తిరుగుతారు?

ఈ ప్రశ్న మీద 24 ఏళ్ళ కుర్రాడు ఒకాయన థీసిస్ రాశారు. ఆయనకు వచ్చిన జవాబు "నిలబడవు" అని. తను ఫెయిలయ్యానని అనుకున్నారు. తర్వాత జీవితం ఆయన్ని ఎక్కడెక్కడికో ఈడ్చుకెళ్ళింది. ఆ జవాబు మాత్రం ఫిజిక్స్‌లో నిలిచిపోయింది. ఆయన పేరు ఎర్నెస్ట్ ఈజింగ్. చాలామంది ఐసింగ్ అని పలుకుతారు, కానీ జర్మన్‌లో ఈజింగ్.

మొదట్నుంచీ చూద్దాం.

1895లో ఫ్రాన్స్‌లో పియరీ క్యూరీ ఒక విషయం జాగ్రత్తగా కొలిచి చెప్పారు. ఇనుమును బాగా వేడి చేస్తే ఒక హద్దు దాటాక దాని అయస్కాంత శక్తి పోతుంది. ఆ హద్దునే ఇవాళ క్యూరీ ఉష్ణోగ్రత అంటున్నాం. 1907లో పియరీ వైస్ ఇంకో అడుగు వేశారు. లోపలి బుల్లి అయస్కాంతాలన్నీ కలిసి ఒక అంతర్గత బలం పుట్టిస్తాయని, ఆ బలమే వాటిని వరుసలో నిలబెడుతుందని ఊహించారు. లెక్కలు సరిపోయాయి. కానీ ఆ బలం ఎక్కడినుంచి వస్తుందో ఎవరికీ తెలీదు.

1920లో విల్హెల్మ్ లెంజ్ అనే జర్మన్ ప్రొఫెసర్ దీన్ని వీలైనంత సింపుల్ చేశారు. ప్రతి బుల్లి అయస్కాంతానికీ రెండే దారులు: పైకి, లేదా కిందికి. మధ్యలో ఇంకేం లేదు. ఈ ఆలోచనని హాంబర్గ్‌లో తన స్టూడెంట్ ఈజింగ్ చేతిలో పెట్టి, లెక్క తేల్చమన్నారు. గమనించండి, అప్పటికి "ఎలక్ట్రాన్ స్పిన్" అనే ఆలోచనే పుట్టలేదు. అది 1925 చివర్లో వచ్చింది. ఈజింగ్ థీసిస్ 1924ది.

ఈజింగ్ అన్నిటికంటే తేలికైన కేసు తీసుకున్నారు. అణువులన్నీ ఒకే గీత మీద, గొలుసులా. ప్రతి అణువుకీ ఇటొకడు, అటొకడు, ఇద్దరే పక్కవాళ్ళు. పక్కవాడు ఎటు తిరిగితే అటు తిరగడం తనకు సుఖం. ఎదురు తిరిగితే కొంత శక్తి ఖర్చవుతుంది. అంతే రూల్.

ఇప్పుడు చిన్నప్పుడు ఆడుకున్న ఆట గుర్తు తెచ్చుకోండి. వరుసగా కూర్చుంటాం. మొదటివాడు పక్కవాడి చెవిలో ఒక మాట చెప్తాడు. వాడు తర్వాతవాడికి చెప్తాడు. మధ్యలో ఒక్కడు తప్పు విన్నాడనుకోండి, ఆ తర్వాత అందరూ ఆ తప్పునే నమ్మకంగా మోసుకుపోతారు. వాళ్ళని సరిదిద్దే వాళ్ళు ఎవరూ ఉండరు. ఎందుకంటే మాట రావడానికి వేరే దారే లేదు.

గొలుసులో జరిగేదీ అదే. వేడి అంటే అణువుల కుదుపు. ఆ కుదుపులో ఎక్కడో ఒకచోట వరుస తెగుతుంది. దానికి ఇటువైపు అందరూ పైకి, అటువైపు అందరూ కిందికి. ఇక్కడ అసలు కిటుకు ఏంటంటే, తెగడానికి అయ్యే ఖర్చు ఒక్క జాయింట్‌దే. గొలుసు ఎంత పొడుగున్నా ఆ ఖర్చు పెరగదు. కానీ తెగడానికి వీలున్న చోట్లు మాత్రం పొడుగుతో పాటు పెరిగిపోతాయి. ఒక మిల్లీమీటర్ స్ఫటికంలో, అణువుకీ అణువుకీ అర నానోమీటర్ దూరం అనుకుంటే, ఒక్కో గొలుసులో దాదాపు 20 లక్షల అణువులు. లక్ష జాయింట్లకు ఒకటి తెగినా ఆ గొలుసు ఇరవై చోట్ల తెగుతుంది. కొన్ని ముక్కలు పైకి, కొన్ని కిందికి. మొత్తం కూడితే దాదాపు సున్నా. వేడి ఎంత తగ్గించినా ఇంతే. పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర, అంటే 0 కెల్విన్ దగ్గర మాత్రమే గొలుసు పూర్తిగా వరుసలోకి వస్తుంది.

ఇది ఈజింగ్ తేల్చిన లెక్క. 1925లో పేపర్‌గా అచ్చయింది. నూటికి నూరు శాతం కరెక్ట్. కానీ పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ ఉన్న అసలు స్ఫటికంలో కూడా ఇదే జరుగుతుందని ఆయన అనుకున్నారు. అక్కడ పొరబడ్డారు. అంటే ఈ మోడల్ అయస్కాంతాన్ని వివరించలేదని తీర్పు వచ్చేసింది. 1928లో హైజెన్‌బర్గ్ క్వాంటం మెకానిక్స్‌తో తన సొంత సిద్ధాంతం తెచ్చినప్పుడు, ఈజింగ్ దారి ఎందుకు చాలదో చెప్తూ ఆ పేపర్‌ని ప్రస్తావించారు. ఈజింగ్ మటుకు రిసెర్చ్ వదిలేసి టీచర్ అయ్యారు.

తర్వాత కథ ఫిజిక్స్ పుస్తకాల్లో ఉండదు.

ఈజింగ్ యూదుడు. 1933లో హిట్లర్ వచ్చాక ఆయన ఉద్యోగం పోయింది. బెర్లిన్‌కి దగ్గర్లో కాపుట్ అనే ఊళ్ళో యూదు పిల్లల కోసం ఒక బోర్డింగ్ స్కూల్ ఉండేది. మామూలు బడుల్లో బతకనివ్వని పిల్లలు అక్కడికి వచ్చేవాళ్ళు. ఈజింగ్ అందులో టీచర్‌గా చేరి, 1937లో హెడ్మాస్టర్ అయ్యారు. ఐన్‌స్టీన్ దేశం వదిలి వెళ్ళాక ఆయన వేసవి ఇల్లు కూడా ఆ స్కూల్ వాడుకుంది. 1938 నవంబర్ 10న గుంపులు వచ్చి స్కూల్‌ని ధ్వంసం చేశాయి.

1939లో ఈజింగ్, ఆయన భార్య యొహానా లక్సెంబర్గ్‌కి పారిపోయారు. అక్కడినుంచి అమెరికా వెళ్ళాలని వీసా కోసం ఎదురుచూపు. 1940 మే 10న జర్మన్ సైన్యం లక్సెంబర్గ్‌లోకి వచ్చేసింది. ఆ రోజు ఈజింగ్ 40వ పుట్టినరోజు. ఇక దారి మూసుకుపోయింది. యొహానా యూదురాలు కాదు. అందువల్లే ఆయన్ని డెత్ క్యాంప్‌కి పంపలేదు. కానీ 1943, 44లలో లొరేన్ ప్రాంతంలో రైలు పట్టాలు ఊడదీసే పనికి బలవంతంగా పెట్టారు.

ఇప్పుడు ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, 1944. ఇటు ఆయన పట్టాలు ఊడదీస్తున్నారు. అటు ప్రపంచం ఆయన లెక్కని మళ్ళీ బయటికి తీసింది.

1936లోనే రుడాల్ఫ్ పైయెర్ల్స్ ఒక పేపర్ రాశారు. ఆయన కూడా జర్మనీలో పుట్టిన యూదుడే, అప్పటికి ఇంగ్లండ్‌లో ఉన్నారు. ఈజింగ్ మోడల్‌ని గొలుసులా కాకుండా చదునుగా, గళ్ళ కాగితంలా పరిస్తే ఏమవుతుంది అని అడిగారు. ఆయన వాదనని మన పొలం లెక్కలో చెప్తా. అందరూ పైకి చూస్తున్న మైదానంలో, కిందికి చూసే వాళ్ళ మడి ఒకటి ఏర్పడాలంటే దాని చుట్టూ గట్టు కావాలి. గట్టు పొడుగునా ఎదురుబొదురు వాళ్ళు ఉంటారు కాబట్టి ప్రతి అడుగుకీ శక్తి ఖర్చే. మడి పెద్దదయ్యేకొద్దీ గట్టు పొడుగవుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకే చలి తగినంత ఉంటే పెద్ద మడులు ఏర్పడవు, మైదానం వరుసలోనే ఉంటుంది. గొలుసులో అయితే గట్టు అంటే ఒక్క చుక్క. ఎంత పెద్ద ముక్క తిరగబడినా ఖర్చు అంతే. తేడా అంతా ఇదే.

1944లో లార్స్ ఆన్‌సాగర్ ఈ చదును మోడల్‌ని గణితంగా పూర్తిగా సాధించారు. కచ్చితంగా ఏ ఉష్ణోగ్రత దగ్గర వరుస పుడుతుందో తేల్చేశారు. ఆ శతాబ్దంలో వచ్చిన గొప్ప లెక్కల్లో అదొకటి.

ఈజింగ్‌కి ఇవేవీ తెలీవు. 1947లో అమెరికా చేరారు. 1948 నుంచి ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో, బ్రాడ్లీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. తన పేరు మీద ఒక మోడల్ ఉందని, దాని మీద ప్రపంచమంతా పని చేస్తోందని ఆయనకు 1949లో తెలిసింది. థీసిస్ రాసిన పాతికేళ్ళకి!

సరే, ఇంతవరకూ అంతా కాగితం మీద లెక్కే. ఇలాంటి గొలుసులు నిజంగా ఉంటాయా?

ఉంటాయి. కానీ వాటికి రెండు షరతులు. ఒకటి, అణువులు గొలుసులా ఒక దిక్కునే గట్టిగా మాట్లాడుకోవాలి. రెండు, వాటి అయస్కాంతం ఏదో ఒక గీతకే కట్టుబడి ఉండాలి, ఎటుపడితే అటు తిరగకూడదు. ఈ రెండో గుణం రేర్ ఎర్త్స్‌లో బాగా కనిపిస్తుంది.

వీటి కథ స్వీడన్‌లోని ఇటెర్‌బీ అనే చిన్న ఊళ్ళో మొదలైంది. 1787లో అక్కడి గనిలో ఒక నల్ల రాయి దొరికింది. 1794లో యోహాన్ గాడొలిన్ అందులో కొత్త పదార్థం ఉందని చెప్పారు. ఆ ఒక్క ఊరి పేరు మీదే యిట్రియం, టెర్బియం, ఎర్బియం, యిటర్బియం అని నాలుగు మూలకాలున్నాయి. పేరుకే "రేర్". సీరియం లాంటిది భూమి పొరల్లో దాదాపు రాగి ఉన్నంత ఉంటుంది. మన భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలో దొరికే మోనజైట్‌లో కూడా సీరియం, లాంథనం, నియోడిమియం ఉన్నాయి. దొరకడం కాదు, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీయడమే కష్టం. 1886లో లకోక్ ద బ్వాబోద్రాన్ ఒక మూలకాన్ని విడదీయడానికి ఎన్ని తంటాలు పడ్డారంటే, దానికి గ్రీకులో "అందడం కష్టం" అనే అర్థంతో డిస్ప్రోసియం అని పేరు పెట్టారు.

ఎందుకు విడదీయలేం? రేర్ ఎర్త్ అణువుల్లో అయస్కాంత గుణం ఇచ్చే ఎలక్ట్రాన్లు 4ఎఫ్ అనే లోపలి గదిలో ఉంటాయి. బయట వేరే ఎలక్ట్రాన్లు గోడలా ఉంటాయి. బయటినుంచి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కెమిస్ట్రీకి తేడా తెలీదు. కానీ అయస్కాంత గుణం చూస్తే ఒక్కోటి ఒక్కో రకం.

ఈ లోపలి గది వల్లే రెండు సంగతులు జరుగుతాయి. మొదటిది, ఆ ఎలక్ట్రాన్ల స్పిన్, అవి తిరిగే కక్ష్య ఆకారం గట్టిగా ముడిపడి ఉంటాయి. చుట్టూ ఉన్న ఆక్సిజన్ లాంటి అణువులు ఆ ఆకారాన్ని ఒక దిక్కుకు బిగించేస్తాయి. దాంతో డిస్ప్రోసియం లాంటి అణువు చాలా స్ఫటికాల్లో రెండే మాటలు మాట్లాడుతుంది: ఇటు, లేదా అటు. లెంజ్ 1920లో కాగితం మీద ఊహించిన పైకి-కిందికి బొమ్మ అచ్చంగా ఇదే! రెండో సంగతి, గోడ వెనక ఉన్నాయి కాబట్టి పక్క అణువుతో వాటి మాట చాలా నెమ్మది. బంధం ఎంత బలహీనమంటే, వరుస అనేది కనపడాలంటే విపరీతమైన చలి కావాలి. మొండితనం, బలహీనత రెండూ ఒకే కారణం నుంచి వచ్చాయన్నమాట.

ఇంకో పాయ ఉంది, అది కూడా కలుపుకుందాం. 1931లో హాన్స్ బేతే క్వాంటం గొలుసుని కచ్చితంగా సాధించారు. పక్కపక్క అణువులు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండాలనుకునే గొలుసు తీసుకోండి. క్వాంటం రూల్స్ ప్రకారం అది 0 కెల్విన్ దగ్గర కూడా స్థిరంగా నిలబడదు. వేడి లేకపోయినా కుదుపు ఉంటుంది. 1981లో ఫడ్డేయెవ్, తఖ్తజాన్ అనే ఇద్దరు రష్యన్ గణితజ్ఞులు ఇంకో వింత చూపించారు. అలాంటి గొలుసులో ఒక్క అణువుని తిరగేస్తే, ఆ మార్పు రెండు ముక్కలై చెరో వైపు వెళ్ళిపోతుంది. ఆ సగం ముక్కల్నే స్పినాన్లు అంటారు.

వీటిని చూడాలంటే న్యూట్రాన్లు కావాలి. న్యూట్రాన్‌కి విద్యుదావేశం లేదు, కాబట్టి స్ఫటికంలోకి సులువుగా దూరిపోతుంది. కానీ దానికి సొంత అయస్కాంతం ఉంది, అందుకే లోపలి స్పిన్‌ల వరుస దానికి తెలుస్తుంది. ఈ పద్ధతిని తయారుచేసినందుకు షల్, బ్రాక్‌హౌస్‌లకు 1994లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు 2019కి వద్దాం. యిటర్బియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన ఒక స్ఫటికం. పొడి అక్షరాల్లో వైబీ ఏఎల్ ఓ3. ఇందులో యిటర్బియం అణువులు గొలుసులుగా ఉంటాయి. గొలుసులోపల పక్కవాళ్ళతో బంధం కొంచెం గట్టిది. గొలుసుకీ గొలుసుకీ మధ్య ఉన్నది మాత్రం మామూలు అయస్కాంతం పక్క అయస్కాంతాన్ని లాగే అతి చిన్న లాగుడు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ శాస్త్రవేత్తల బృందం దీన్ని న్యూట్రాన్లతో పరీక్షించింది.

0.88 కెల్విన్ పైన గొలుసులు వేటికవే. వరుస లేదు, స్పినాన్లు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. ఒంటరి గొలుసు ఎలా ఉండాలని సిద్ధాంతం చెప్పిందో దాదాపు అలాగే. 0.88 కెల్విన్ కిందికి దింపగానే సీన్ మారింది. 0.88 కెల్విన్ అంటే సుమారు మైనస్ 272.3 డిగ్రీల సెల్సియస్. ఖాళీ అంతరిక్షమే 2.7 కెల్విన్ ఉంటుంది, దానికంటే చల్లన. అక్కడ ఆ చిన్న లాగుడు పని మొదలుపెట్టింది. గొలుసులన్నీ ఒకదాన్ని చూసి ఒకటి వరుసలోకి వచ్చేశాయి.

మరి స్పినాన్లు ఏమయ్యాయి? జంటలుగా కట్టుబడిపోయాయి. ఎందుకో చూడండి. రెండు స్పినాన్లు దూరం జరిగితే వాటి మధ్య గొలుసు ముక్క తిరగబడి ఉంటుంది. ఆ ముక్కకి పక్క గొలుసులతో పొసగదు. ముక్క ఎంత పొడుగైతే ఖర్చు అంత. అంటే రబ్బరు బ్యాండ్‌తో కట్టినట్టు, దూరం వెళ్ళనివ్వదు. గొలుసులో లేని ఖర్చు పక్కవాళ్ళ వల్ల వచ్చింది. పైయెర్ల్స్ గట్టు గుర్తొచ్చిందా?

ఇది ఒక్కదాని కథ కాదు. థిన్ ఫిల్మ్స్ పెంచడానికి అడుగు పలకగా వాడే డిస్ప్రోసియం స్కాండేట్ అనే స్ఫటికం కూడా ఉంది. అందులో డిస్ప్రోసియం అణువుల వరుస 3.1 కెల్విన్ దగ్గర మొదలవుతుంది.

అంటే ఈజింగ్ చెప్పింది తప్పు కాదు. ఒంటరి గొలుసు నిలబడదు. అసలు స్ఫటికంలో వరుస వచ్చిన ప్రతిసారీ, పక్క గొలుసుల చెయ్యి ఎక్కడో ఉంటుంది. ఆ చెయ్యి ఎంత బలహీనమైనా సరే, చలి సరిపోతే చాలు.

మీరు అడగొచ్చు, దీనివల్ల మనకేంటి అని. నిజం చెప్పాలంటే 0.88 కెల్విన్ దగ్గర పనిచేసే ఫోన్ ఎవరూ చేయట్లేదు. కానీ మీ చెవిలో ఉన్న అయస్కాంతాన్ని ఇప్పుడు మళ్ళీ చూడండి. నియోడిమియం మొండిది, ఒక దిక్కు పడితే వదలదు, కానీ పక్కవాడితో బంధం బలహీనం. ఇనుము బంధం చాలా గట్టిది, కానీ దిక్కు విషయంలో పట్టింపు తక్కువ. 1980ల మొదట్లో జపాన్‌లో, అమెరికాలో ఇంజనీర్లు ఈ రెంటినీ ఒకే స్ఫటికంలో కలిపారు. ఇనుము వల్ల వరుస దాదాపు 310 డిగ్రీల సెల్సియస్ వరకూ చెదరదు, నియోడిమియం వల్ల దిక్కు మారదు. అందుకే ఎండాకాలం విజయవాడలో కూడా మీ స్పీకర్ మోగుతోంది.

ఈజింగ్ మోడల్ అయస్కాంతాల దగ్గరే ఆగలేదు. 1982లో జాన్ హాప్‌ఫీల్డ్ మెదడు జ్ఞాపకాన్ని పైకి-కిందికి స్పిన్‌ల వల లాగా ఊహించి ఒక న్యూరల్ నెట్‌వర్క్ కట్టారు. 2024 ఫిజిక్స్ నోబెల్ పంచుకున్నవాళ్ళలో ఆయనొకరు. అంటే మీరు రోజూ వాడే ఏఐ వంశవృక్షంలో కూడా ఈ గొలుసు ఉంది.

ఈజింగ్ 1976 దాకా పాఠాలు చెప్పారు. 1998 మే 11న, 98వ పుట్టినరోజు అయిన మర్నాడు కన్నుమూశారు. మాగ్నెటిజం మీద మళ్ళీ పరిశోధన చేయలేదు. ఆయన పేరు మోసిన ఆ చిన్న పేపర్‌లో ఉన్నది ఒక "కాదు" మాత్రమే. కానీ నిజాయితీగా, చివరిదాకా లెక్కకట్టిన కాదు. కాబట్టే తర్వాతవాళ్ళు అది ఎక్కడ వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో వెతకగలిగారు.

మీ ప్రాజెక్ట్‌లోనో ల్యాబ్‌లోనో రిజల్ట్ రాలేదని ఫైల్ డిలీట్ చేసేముందు ఒక్కసారి ఈ కథ గుర్తుచేసుకోండి. ఎందుకు రాలేదో మాత్రం రాసి పెట్టుకోండి.

తర్వాతి ఎపిసోడ్‌లో ఇటెర్‌బీ ఊరి గనిలోకే దిగుదాం. నాలుగు మూలకాలకు పేరిచ్చిన ఆ రాళ్ళని ఒకదాన్నుంచి ఒకటి ఎలా విడదీశారో చూద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.